మెయిల్స్ తీసేశాం, మరి డిస్క్ ఎందుకు ఖాళీ కాలేదు?

ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసుకునేవాళ్లకి ఏదో ఒక రోజు ఈ ఫోన్ రాక తప్పదు. "అందరి చేతా పాత మెయిల్స్ తీయించేశాను సార్, నలభై జీబీ దాకా పోయి ఉంటాయి, డిస్క్‌లో మాత్రం ఒక్క ఎంబీ కూడా ఖాళీ రాలేదు." వెంటనే వచ్చే రెండో ప్రశ్న కూడా నాకు కంఠతా వచ్చు: "ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ కొట్టేద్దామా?"

అంటే మెయిల్ డేటాబేస్‌ని ఆపేసి, లోపలి ఖాళీ తీసేసి ఫైల్ని చిన్నది చేసే పని. నేను చెప్పేది మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్ గురించి. ఈ డీఫ్రాగ్ పిచ్చి ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి, 16 జీబీ అనే అంకె దగ్గరికి వెళ్లాలి.

ఎక్స్ఛేంజ్ 1996లో ఏకంగా 4.0 నంబరుతో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాని అడుగున ఉన్నది ఈఎస్ఈ అనే డేటాబేస్ ఇంజినే. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు ఉండదు, ఒక డేటాబేస్‌లో ఉన్న అందరి మెయిల్స్ ఒకే పెద్ద ఈడీబీ ఫైల్లో చిన్న చిన్న పేజీలుగా కూర్చుంటాయి. మీరు మెయిల్ తీసేస్తే అది వెంటనే పోదు. 2007 వెర్షన్ నుంచి మామూలుగా 14 రోజులు లోపలే దాచి ఉంచుతుంది, మొత్తం మెయిల్‌బాక్సే తీసేస్తే 30 రోజులు. ఆ గడువు అయ్యాక మెయింటెనెన్స్ వచ్చి ఆ పేజీలను ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, రేపు వచ్చే మెయిల్స్ అక్కడే పడతాయి. అంతే తప్ప ఫైలు సైజు తగ్గదు. గాదెలోంచి వడ్లు తీసినంత మాత్రాన గాదె చిన్నదవుతుందా?

ఇందులో తప్పేమీ లేదు. ఏ డేటాబేస్ అయినా దాదాపు ఇలాగే నడుస్తుంది. తంటా అంతా లైసెన్సు వల్ల వచ్చింది. 5.5, 2000, 2003 వెర్షన్లలో స్టాండర్డ్ ఎడిషన్ కొన్నవాళ్లకి మెయిల్‌బాక్స్ స్టోర్, అంటే ఆ డేటాబేస్, 16 జీబీ దాటకూడదు. దాటితే వార్నింగ్ ఇచ్చి ఊరుకోదు, స్టోర్ డిస్‌మౌంట్ అయిపోతుంది, మెయిల్ మొత్తం బంద్. పైగా ఆ 16 లెక్కేసేది లోపలి మెయిల్స్‌ని కాదు, డిస్క్ మీద ఫైలు ఎంత ఉందో దాన్ని. అంటే లోపల ఆరు జీబీ ఖాళీగా ఉన్నా సరే, ఫైలు 16 తాకిందంటే పని అయిపోయినట్టే. చిన్న ఆఫీసులన్నీ కొన్నది ఈ స్టాండర్డ్ ఎడిషనే కాబట్టి దెబ్బ కూడా వాళ్లకే తగిలింది.

నేను అప్పట్లో పనిచేసిన ఒక ఆఫీసులో ఇదే జరిగింది. పొద్దున తొమ్మిదింటికి ఎవరి ఔట్‌లుకూ కనెక్ట్ కాలేదు. వెళ్లి చూస్తే ఈడీబీ, అప్పట్లో ఇంటర్నెట్ మెయిల్స్ దాచడానికి దాని పక్కనే ఉండే ఎస్‌టీఎం ఫైలు రెండూ కలిపి 16 జీబీ. విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఒక కీ పెడితే తాత్కాలికంగా ఇంకో 1 జీబీ వదిలేవారు, అలా ఆ రోజుకి గట్టెక్కాం. శనివారం రాత్రి స్టోర్ ఆపేసి ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ కమాండ్ ఈఎస్ఈయుటిల్ స్లాష్ డి కొట్టాం. అది ఉన్న ఫైల్ని కుదించదు, లోపల ఉన్న డేటాని కొత్త ఫైల్లోకి ఎత్తి పోస్తుంది. అందుకని డేటాబేస్ సైజుకి 110 శాతం ఖాళీ జాగా ఉండాలంటారు, అంటే 16 జీబీకి దాదాపు 17.6. అసలు జాగా లేకే కదా ఈ పని పెట్టుకున్నది! ఎక్కడి నుంచో ఇంకో డిస్క్ తెచ్చి తగిలించి, తాత్కాలిక ఫైలు దాని మీద పడేలా పెట్టి, తెల్లారేదాకా స్క్రీన్ మీద చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాం. అయిపోయాక మళ్లీ ఫుల్ బ్యాకప్, ఎందుకంటే డీఫ్రాగ్ అయిన డేటాబేస్‌కి పాత బ్యాకప్, పాత లాగ్స్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ రాసుకునే ఫైళ్లు) అతకవు.

ఇలాంటి రాత్రులు గడిపిన తరానికి ఆ కమాండ్ సర్వరోగ నివారిణి అయిపోయింది. వాళ్లు తర్వాత చేరిన పిల్లలకి అదే నేర్పారు.

బయట లోకం కూడా అదే సమయంలో మారింది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఊరికే 1 జీబీ ఇస్తామంది, హాట్‌మెయిల్ అప్పటికి ఇస్తున్నది 2 ఎంబీ. ఇంట్లో ఉచితంగా జీబీ వస్తుంటే ఆఫీసులో వంద ఎంబీకే "మీ మెయిల్‌బాక్స్ నిండింది" అంటే ఎవరు ఊరుకుంటారు? కొంతమంది తమ మెయిల్స్‌ని సొంత కంప్యూటర్లో ఉండే పీఎస్‌టీ ఫైల్లోకి దింపుకున్నారు, పాత రకం పీఎస్‌టీ 2 జీబీకి చేరి పాడైతే మళ్లీ మన నెత్తినే.

2005లో 2003 వెర్షన్‌కి సర్వీస్ ప్యాక్ 2 వచ్చి పరిమితిని 75 జీబీకి పెంచుకోనిచ్చింది. అయితే దానంతట అది పెరిగేది 18కే, మిగతాది రిజిస్ట్రీలో మనమే రాసుకోవాలి. నా లెక్కలో అసలు మార్పు వేరే ఉంది, అప్పటి నుంచి పరిమితి చూసేటప్పుడు లోపలి ఖాళీని తీసేసి లెక్కేయడం మొదలైంది. డీఫ్రాగ్ కొట్టడానికి ఉన్న పెద్ద కారణం ఆ రోజే పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

2010 వెర్షన్ ఇంకో మలుపు. అంతకుముందు ఒకే మెయిల్ మూడు వందల మందికి వెళ్తే డేటాబేస్‌లో ఒక్క కాపీయే ఉండేది. (2007లో ఇది అటాచ్‌మెంట్లకే పరిమితమైంది.) 2010లో పూర్తిగా తీసేశారు. ఎండీ గారి 5 ఎంబీ దసరా శుభాకాంక్షలు 300 మందికి వెళ్తే 1.5 జీబీ అన్నమాట. చూడటానికి తిక్క పనిలా ఉంటుంది గానీ, అప్పటికి డిస్కులు పెద్దవీ చవకవీ అయ్యాయి, వేగం మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అందుకే పేజీని 32 కేబీ చేసి, ఒకరి మెయిల్స్ ఒకచోటే వరసగా ఉండేలా సర్ది, డిస్క్ మీద భారం 2007తో పోలిస్తే 70 శాతం తగ్గిందని మైక్రోసాఫ్ట్ చెప్పుకుంది. జాగా పోయినా పర్లేదు, చవక డిస్క్ చాలు అన్నది వాళ్ల లెక్క.

దాంతోపాటే డ్యాగ్ వచ్చింది, ఒక డేటాబేస్‌కి వేరే సర్వర్ల మీద కాపీలు. ఇప్పుడు ఒకచోట స్లాష్ డి కొట్టారంటే మిగతా కాపీలు పనికిరావు, మొదటి నుంచి మళ్లీ సీడ్ చేసుకోవాలి, అంటే మొత్తం డేటాబేస్‌ని కొత్తగా కాపీ చేసుకోవాలి.

కాబట్టి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ముందు అడిగేది లోపల ఖాళీ ఎంతుందని. పాత వెర్షన్లలో ఈవెంట్ లాగ్‌లో 1221 నంబరు ఎంట్రీ చెప్పేది, ఇప్పుడు కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో చూడొచ్చు. ఖాళీ ఓ మాదిరిగా ఉంటే వదిలేయమంటాను, వచ్చే నెలల మెయిల్ అందులోనే సర్దుకుంటుంది. నిజంగానే డిస్క్ కావాలంటే కొత్త డేటాబేస్ పెట్టి మెయిల్‌బాక్సులను అందులోకి తరలించాలి, జనం పని ఆగదు. లాగ్స్ డ్రైవ్ మీద మాత్రం ఒక కన్నేయండి, తరలించే డేటా అంతా లాగ్స్‌గా కూడా పడుతుంది, బ్యాకప్ నడవకపోతే ఆ డ్రైవ్ నిండి కొత్త డేటాబేసే డిస్‌మౌంట్ అవుతుంది. ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకి వాడుకునే ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులను కూడా మర్చిపోకుండా తరలించి, పాత డేటాబేస్‌ని రిమూవ్ చేయండి. ఇంత చేశాక కూడా "సార్, జాగా రాలేదు" అని మళ్లీ ఫోన్ వస్తుంది, ఎందుకంటే ఆ రిమూవ్ కమాండ్ ఈడీబీ ఫైల్ని ముట్టుకోదు, ఫోల్డర్‌లోకి వెళ్లి మనమే డిలీట్ కొట్టాలి.