నరాల బలహీనత అనే భయం

దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో వస్తుంటే గోడల మీద రాతలు కనబడతాయి: నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, గ్యారంటీ వైద్యం. ఇలాంటి మందుల ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఏనాడో నిషేధించింది. అయినా ఆ రాతలు చదువుతూ పెరిగిన పిల్లగాడు రేపు డాక్టరు ముందు కూర్చుని ఆ గోడ మాటే అంటాడు: "నరాల వీక్‌నెస్ ఉన్నది సార్, ధాతువు పోతున్నది."

వీర్యం పోయి ఒళ్లు నీరసిస్తున్నదన్న ఈ బాధకు 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. నలభై రక్తపు చుక్కలు కలిస్తే ఒక వీర్యపు చుక్క అన్న నమ్మకం దీనికి మూలం. ఒకసారి వెలువడే వీర్యం సుమారు 2 నుంచి 5 మిల్లీలీటర్లు. అందులో ఎక్కువ భాగం శుక్రాశయాలు, ప్రొస్టేట్ గ్రంథి ఊరించే ద్రవమే. అది పోయినంత మాత్రాన రక్తం తగ్గదు, నరం చావదు. అలాగని "నీకేం లేదు పో" అని పంపేస్తే తప్పు. అతని నీరసమూ గుండెదడా నిజమే. చాలాసార్లు వాటి వెనక ఆందోళనో డిప్రెషనో ఉంటుంది, దానికి వైద్యం కావాలి.

అంగస్తంభన మనం ఆజ్ఞాపిస్తే జరిగేది కాదు. మనసు కుదుటపడి ఉన్నప్పుడు నరాల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై కండరాలు సడలుతాయి, రక్తం నిండుతుంది. భయం వేస్తే అడ్రినలిన్ ఎగసి ఆ రక్తనాళాలనే బిగిస్తుంది. శోభనం గది గుర్తు చేసుకోండి. తలుపు బయట చుట్టాలు, తెల్లారితే అందరి చూపులు. ఒక రాత్రి తప్పిందంటే మరుసటి రాత్రి అతను భార్యను కాదు, తన ఒంటినే గమనిస్తూ ఉంటాడు. నిద్రలేచే వేళ స్తంభన మామూలుగా ఉంటే మాత్రం నరాలూ రక్తనాళాలూ చాలామటుకు బాగున్నట్టే.

అమెరికాలో లైంగిక సమస్యల పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించిన చికిత్స, తన ఒంటికి తానే పెట్టుకునే ఈ పరీక్షనే రద్దు చేస్తుంది. మొదట సంభోగం వద్దంటారు. భార్యాభర్తలు వంతులవారీగా, మర్మాంగాల జోలికి పోకుండా, ఒకరినొకరు తాకుతూ ఆ స్పర్శ ఎట్లుందో చెప్పుకోవాలి. ఆ తర్వాతే ఒక్కో మెట్టు ముందుకు. గెలవాల్సిందేమీ లేదని తెలిశాక ఒళ్లు తన పని తాను చేసుకుంటుంది. కానీ మన దగ్గర ఈ అభ్యాసం ఇచ్చే ముందు, వాళ్లు ఎక్కడ పడుకుంటారని అడిగి తీరాలి. పూనాలో, బొంబాయిలో టార్పాలిన్ గుడిసెలో పిల్లలతో పడుకునే పాలమూరు కూలీ దంపతులకు ఏకాంతం ఎక్కడిది? ముందు దాని సంగతి మాట్లాడాలి.

"పిల్ల కాపురం చేయనిస్తలేదు" అనే మాట నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. వెజైనిస్మస్ అనే ఇబ్బంది ఉన్న అమ్మాయికి కలయిక వేళ యోని చుట్టూ ఉండే కటి కండరాలు తమంతట తామే బిగుసుకుంటాయి. అది మొండితనం కాదు, కంటి దగ్గరికి వేలు వస్తే రెప్ప పడ్డట్టే. సడలింపు అభ్యాసాలు, చిన్న సైజుతో మొదలయ్యే డైలేటర్లతో (యోనిని మెల్లగా అలవాటు చేసే నున్నటి సాధనాలు) ఇది బాగా తగ్గుతుంది. ఎప్పుడు ఆగాలో ఆమే నిర్ణయించాలి. పంచాయితీ పెట్టి మందలిస్తే ఆ కండరాలు ఇంకా బిగుస్తాయి.

వయసు పైబడ్డాక స్తంభన సంగతి వేరు. అంగానికి రక్తం తెచ్చే ధమనులు గుండె ధమనులకన్నా సన్నం, కాబట్టి పూడిక తరచూ అక్కడే ముందు బయటపడుతుంది. నలభై అయిదేళ్ల మనిషికి కొత్తగా ఈ ఇబ్బంది వస్తే షుగరు, బీపీ, గుండె చూపించుకోవాలి. ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు మెడికల్ షాపులో స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) కొని మింగితే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోవచ్చు.

జాక్ అన్నన్ అనే మనస్తత్వవేత్త 1976లో లైంగిక సమస్యల వైద్యాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. అనుమతి, కొంత సమాచారం, నిర్దిష్టమైన సలహాలు, చివరికి లోతైన చికిత్స. అందరికీ చివరి మెట్టు దాకా పోయే అవసరం ఉండదు. అనుమతి అంటే ఇక్కడ మాట్లాడొచ్చు అన్న ధైర్యం. షుగరు చీటీ రాస్తూ డాక్టరే తల ఎత్తి, "మీ ఆలుమగల సంసారం ఎట్లున్నది?" అని అడిగితే మొదటి మెట్టు ఎక్కినట్టే.