మాంసం కోళ్లు పెంచాలంటే ముందు మీ పెరడు చూసుకోండి

ఊళ్లో ఎవరైనా కొత్తగా ఓ యాభై కోళ్లు పెట్టుకుందామనుకుంటే మొదట అడిగేది ఒకటే, "ఏ జాతి తొందరగా బరువొస్తుంది?" అని. దానికి జవాబు తేలికే, బ్రాయిలర్. కానీ మీ దగ్గర నీడ ఎంతుంది, మేత ఎక్కణ్నుంచి వస్తుంది, గద్దలు తిరుగుతాయా అన్నది చూసుకోకుండా బరువొక్కటే చూసి పిల్లల్ని తెచ్చుకుంటే నష్టపోతారు. నేను అలాగే నష్టపోయాను.

మొదటిసారి నేను తెచ్చింది బ్రాయిలర్ పిల్లల్నే. మామిడి చెట్టు కింద వదిలేస్తే పురుగూ పుట్రా ఏరుకుని తింటాయిలే అనుకున్నాను. నాలుగో వారం వచ్చేసరికి దాణా తొట్టి పక్కనుంచి కదల్లేదు, రెండడుగులు వేసి కూలబడేవి, నేలకు ఆనిన రొమ్ము దగ్గర ఈకలు ఊడి చర్మం ఎర్రగా కందిపోయింది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం నోళ్లు తెరిచి, రెక్కలు జార్చి, రొప్పీ రొప్పీ ఏడు కోళ్లు నా కళ్ల ముందే పోయాయి. అదే ఎండలో పక్కింటి నాటుపెట్ట అరటి పాదులో తడిమట్టి గీరుకుని, అందులో పొట్ట ఆనించి పడుకుంది.

కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవాలంటే రొప్పాలి, లేదా ఈకలు లేని చోట్ల నుంచి, అంటే తలమీది ఎర్రజుట్టు, కాళ్లు, అక్కణ్నుంచి పోవాలి. బ్రాయిలర్ ఎంత ఎక్కువ తిని ఎంత వేగంగా పెరుగుతుందో లోపల అంత వేడి పుడుతుంది. కండ పెరిగినంత వేగంగా గుండె, ఊపిరితిత్తులు పెరగవు కాబట్టి కొన్నిటికి పొట్టలో నీరు చేరి చనిపోతాయి కూడా. ఇంత వేగంగా పెరగడం ఇంజెక్షన్ల వల్ల అని చాలామంది అనుకుంటారు, కాదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957, 1978, 2005 నాటి రకాలను ఒకే దాణా పెట్టి పెంచి చూశారు. 56 రోజులకు 1957 నాటి కోడి 905 గ్రాములు తూగితే, 1978 నాటిది 1,808, 2005 నాటిది 4,202 గ్రాములు తూగింది. దాణా ఒకటే కాబట్టి తేడా అంతా తరతరాలుగా ఏరి కలిపిన జన్యువులదే.

అంత బరువున్నా ఆరు వారాల బ్రాయిలర్ ఇంకా పిల్లే. షెడ్డులోకి వెళ్లి వినండి, రెండు కిలోల కోడి కోడిపిల్లలాగే కీచుకీచుమంటుంది. మాంసం మెత్తగా ఉండటానికి, నాటుకోడిలో ఉండే ఆ రుచి లేకపోవడానికి ఈ లేత వయసు పెద్ద కారణం. వయసు పెరిగే కొద్దీ కండరాల చుట్టూ ఉండే కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడతాయి. నిదానంగా చాలాసేపు ఉడికిస్తే అందులో కొంత జిగురులాంటి జిలాటిన్‌గా కరిగి నాటుకోడి పులుసుకు ఆ చిక్కదనం ఇస్తుంది. కాబట్టి రుచి జాతిలోనే ఉందనుకోకండి, కోడి ఎన్ని నెలలు బతికిందన్నదీ చూడాలి.

పక్కా షెడ్డు, ఫ్యాన్లు, ఇరవై నాలుగు గంటలూ కరెంటు, దాణాకు డబ్బు ఉంటే బ్రాయిలర్ పెంచండి, తప్పేం లేదు. పెరట్లో తిరిగి తినే కోడి కావాలంటే మాత్రం నేను వనరాజానే చెబుతాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ దాన్ని పెరటి కోసమే తయారు చేసింది. ఆరు వారాలకు ముప్పావు కిలో చుట్టుపక్కల ఉంటుంది, బ్రాయిలర్ పక్కన పెడితే బక్కదే. కానీ కాళ్లు పొడుగు, గద్ద నీడ పడగానే కంప కిందికి పరుగెత్తగలదు. రంగురంగుల ఈకలు కూడా అందుకే పనికొస్తాయి, పచ్చగడ్డిలో తెల్లకోడి దూరం నుంచే కనబడుతుంది, గద్ద తన్నుకుపోతుంది. చెదలు, గింజలు, ఆకులు తనే ఏరుకుంటుంది, సాయంత్రం గుప్పెడు నూకలు, తవుడు వేస్తే చాలు. అయితే మొదటి ఐదారు వారాలు బల్బు కింద వెచ్చగా, మంచి దాణాతో పెంచాకే బయటికి వదలాలి. చాలామంది పిల్లల్ని పోగొట్టుకునేది ఇక్కడే.

ఇంకో సంగతి, వనరాజా పెట్ట పొదగదు. పైగా రెండు వేరువేరు వంశాలను కలిపి తీసిన రకం కాబట్టి, దాని గుడ్లు నాటుపెట్ట కింద పెట్టి పిల్లల్ని తీసినా అవన్నీ తల్లంత బరువు రావు, ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుంది. ప్రతిసారీ కొత్త పిల్లల్ని కొనడం ఇష్టం లేనివాళ్లకు పందెం కోళ్ల జాతి అసీలే మేలు. గుడ్లు తక్కువ, ఎదుగుదల నిదానం, పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, కానీ 21 రోజులు కదలకుండా పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగి, పిల్లిమీదికి కూడా దూకే తల్లి అది. అసీల్ పుంజు మూడు నాలుగు కిలోలు తూగుతుంది, సంక్రాంతికి దాని ధర వేరే.

ఏది తెచ్చినా కొక్కెర తెగులు టీకా మాత్రం మానొద్దు. మొదటి వారంలో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించి, రెండు నెలలు నిండాక ఆర్2బి సూది వేయించండి. నాటుకోడికి ఏ రోగమూ రాదనుకుని వదిలేసిన మా వీధిలో, ఒక్క వారంలో గంపలన్నీ ఖాళీ అయ్యాయి.