ఏసీ/డీసీ మెటల్ బ్యాండేనా? పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలిద్దరికీ ఆశీస్సులు.

మీ అన్నాచెల్లెళ్ల తగువు మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా బ్యాండ్ వాయించేది హెవీ మెటల్ అని అబ్బాయి, కాదు రాక్ అని అమ్మడు, రెండు రోజులుగా మాటల్లేవట. తీర్పు పెదనాన్నే చెప్పాలని నా మీద పెట్టారు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

జవాబు ముందే చెప్పేస్తాను. ఏసీ/డీసీ హెవీ మెటల్ కాదు. అది గట్టిగా మోగే రాక్ అండ్ రోల్. హార్డ్ రాక్ అన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ అబ్బాయ్, నీ మాట కొట్టిపారేసేది కాదు. నీలాగే అనుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లు అలా అనుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. ముందు అవే చూద్దాం.

1979లో వచ్చిన 'హైవే టు హెల్' ఆల్బం అట్ట మీద గిటారిస్టు ఆంగస్ యంగ్ తలకు కొమ్ములు, చేతిలో తోక. పాట పేరులోనే నరకం. ఆ పాట నిజానికి ఊరూరా బస్సుల్లో తిరిగే టూర్ల అలసట గురించి, కానీ పేరు చూసి భయపడ్డవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు? ఇక ఆ లోగో. మధ్యలో మెరుపుతో కోసుగా ఉండే ఆ అక్షరాలను జెరార్డ్ హ్యుయెర్టా అనే డిజైనర్ 1977లో గీశాడు. గుటెన్‌బర్గ్ అచ్చువేసిన పాత బైబిల్ అక్షరాలు ఆయనకు ఆధారం. ఆ తర్వాత వచ్చిన మెటల్ బ్యాండ్లలో ఎన్ని అలాంటి అక్షరాలు పెట్టుకున్నాయో లెక్కలేదు. ఇవాళ ఆ లోగో ఉన్న టీషర్టు చూస్తే ఎవరైనా మెటల్ అనే అనుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం చేసింది 1980వ సంవత్సరం. ఆ ఫిబ్రవరి 19న గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. వయసు 33. బ్యాండ్ ఆగిపోతుందనుకుంటే, బ్రయాన్ జాన్సన్‌ను గాయకుడిగా తీసుకుని, బహామాస్ దీవులకు వెళ్లి రికార్డు చేసి, జులైలో 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బం విడుదల చేశారు. అట్ట మొత్తం నలుపు. పోయినవాడికి నివాళిగా. మొదటి పాట 'హెల్స్ బెల్స్' గంట మోతతో మొదలవుతుంది. ఆ గంటను ఇంగ్లండ్‌లోని లఫ్‌బరాలో పోత పోయించారు. సరిగ్గా అదే ఏడాది మెటల్‌లో జుడాస్ ప్రీస్ట్ 'బ్రిటిష్ స్టీల్', ఐరన్ మెయిడెన్ తొలి ఆల్బం, బ్లాక్ సబ్బాత్ 'హెవెన్ అండ్ హెల్', మోటర్‌హెడ్ 'ఏస్ ఆఫ్ స్పేడ్స్' వచ్చాయి. నల్ల అట్ట, చావు గంట, నరకం పేర్లు. రికార్డుల కొట్టువాడు దాన్ని ఏ అరలో పెడతాడు? కొనేవాళ్లు కూడా ఆ కుర్రాళ్లే కదా.

అక్కడి నుంచి మెటల్ అభిమానులు వాళ్లను సొంతం చేసుకున్నారు. ఇంగ్లండ్‌లో డోనింగ్టన్ మైదానంలో అప్పట్లో జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవంలో 1981, 1984, 1991లలో ఏసీ/డీసీయే ముఖ్య బృందం. 1991 సెప్టెంబర్‌లో మాస్కో తుషినో విమానాశ్రయ మైదానంలో లక్షల మంది ముందు మెటల్ బ్యాండ్లు మెటాలికా, పాంటెరా వాయించాక చివర్లో ఎక్కింది కూడా వీళ్లే. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజులవి. ఆ వీడియో దొరికితే తప్పకుండా చూడండి, జనాన్ని చూడటానికైనా.

కాబట్టి అబ్బాయ్, నువ్వు చెప్పేది చరిత్రలో ఉన్నదే. అయితే ఎవరు వింటున్నారో, ఏ టీషర్టు వేసుకుంటున్నారో చూస్తే మనకు అభిమానుల గురించి తెలుస్తుంది. తీగ మీద ఏం జరుగుతోందో తెలియాలంటే చెవి పెట్టాల్సిందే.

ముందు వీళ్లు ఎక్కడివాళ్లో చూడండి. యంగ్ కుటుంబం స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి 1963లో ఆస్ట్రేలియా వలస వెళ్లింది. అన్న జార్జ్ యంగ్ అక్కడ ఈజీబీట్స్ అనే బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్నాడు. అతన్ని చూస్తూ పెరిగిన తమ్ముళ్లు మాల్కమ్, ఆంగస్ 1973లో సిడ్నీలో ఈ బ్యాండ్ పెట్టారు. అదే ఏడాది డిసెంబర్ 31 రాత్రి చెకర్స్ అనే క్లబ్‌లో వాయించారు. బ్యాండ్ పేరు అక్క మార్గరెట్ కుట్టుమిషన్ మీద రాసి ఉన్నదే. ఆంగస్ స్కూలు యూనిఫాం వేసుకుని వాయించాలన్న ఆలోచన కూడా ఆమెదే. అమ్మడూ, ఈ విషయం నీకోసం రాశాను. అంత పెద్ద బ్యాండ్‌కు పేరూ వేషమూ ఇచ్చింది ఆ ఇంటి ఆడపిల్ల.

వాళ్లు మొదట్లో రికార్డు చేసిన పాటల్లో 'బేబీ, ప్లీజ్ డోంట్ గో' అనే పాత బ్లూస్ పాట, చక్ బెర్రీ పాట 'స్కూల్ డేస్' ఉన్నాయి. స్టేజీ మీద ఆంగస్ ఒంటికాలి మీద కుంటుతూ నడిచే ఆ నడక కూడా చక్ బెర్రీదే. అంటే వీళ్ల మూలం అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్, యాభైల నాటి రాక్ అండ్ రోల్. 1976 నాటి 'రైడ్ ఆన్' వినండి. నింపాదిగా నడిచే బ్లూస్. దాని నడక మీకు కొత్తేం కాదు: ప్రతి దెబ్బా తకిట, తకిట అని మూడుగా విరుగుతుంది. మన తిశ్రమే. ఆ ఊపు ఏసీ/డీసీ వేగంగా వాయించే పాటల్లో కూడా లోపల ఎక్కడో దాగి ఉంటుంది.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'బ్యాక్ ఇన్ బ్లాక్' పాట పెట్టండి. ఒక చెవిలో అన్న మాల్కమ్ గిటార్, ఇంకో చెవిలో తమ్ముడు ఆంగస్ గిటార్. ముందు టిక్ టిక్ మని లెక్క. తర్వాత ఇ కార్డ్ (కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం) ఒక్క దెబ్బ. ఖాళీ. డి కార్డ్. మళ్లీ ఖాళీ. ఎ కార్డ్. ఆ ఖాళీల్లో డ్రమ్ మాత్రం నడుస్తుంటుంది. మీలో గిటార్ నేర్చుకునేవాళ్లకు మొదటి నెలలోనే నేర్పే కార్డులివి. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బంలలో ఒకదానికి పేరు పెట్టిన పాట ఇంత తేలికైన ముక్కల మీద నిలబడింది. దాని బలమంతా వాయించకుండా వదిలేసిన చోట ఉంది.

ఆ రిథమ్ గిటార్ మాల్కమ్‌ది. జనం చూసేది ఆంగస్‌ను, బ్యాండ్‌ను నడిపింది మాల్కమ్. అతని గ్రెచ్ గిటార్ ఫోటో చూడండి. తీగల మోతను పట్టే పికప్‌లలో బ్రిడ్జి దగ్గరిది ఒక్కటి ఉంచుకుని మిగతావి పీకేశాడు, ఆ కన్నాలు అలాగే కనిపిస్తాయి. తీగలు లావుపాటివి. అతని ఆంప్‌లో డిస్టార్షన్, అంటే మోత గరగరలాడటం, మనం అనుకున్నంత ఉండదు. ఆ గరగరను పెంచే గెయిన్ తగ్గించి వాల్యూమ్ పెంచి, మిగతాదంతా మణికట్టుతో రాబట్టేవాడు. అందుకే అతను ఒక కార్డ్ కొడితే అందులోని తీగలన్నీ విడివిడిగా వినిపిస్తాయి. వెనకాల ఫిల్ రడ్ డ్రమ్స్ మీద ఒక్క దెబ్బ కూడా అదనంగా వెయ్యడు. రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ స్నేర్, అంతే. మన కాలు దానంతట అదే కదులుతుంది. నా మట్టుకు నాకు మాల్కమ్ యంగ్ రాక్ సంగీతంలో అందరికన్నా గొప్ప రిథమ్ గిటారిస్టు. ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను.

దీని వెంటనే బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బంలో మొదటి పాట పెట్టండి. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. ముందు వాన, ఉరుము, గంట. తర్వాత గిటార్ మూడే స్వరాలు పలుకుతుంది: స, పై స, ఆ తర్వాత ప్రతిమధ్యమం. శ్రుతిపెట్టె దగ్గర కూర్చున్న మీ చెవి పంచమం కోసం ఎదురుచూస్తుంది. పాట పంచమానికి అరమెట్టు కిందే ఆగిపోయి అక్కడే వణుకుతుంది. టెన్షన్ అంతా అక్కడ పుడుతుంది. రాక్ గిటార్‌లో పవర్ కార్డ్ అనేది మన స, ప జంటే. ఏసీ/డీసీ ఆ జంటను హాయిగా మోగనిస్తుంది. సబ్బాత్ దాని పక్కనున్న చీకటిలోకి దిగింది.

ఆ చీకటి వెనక ఒక కార్ఖానా ఉంది. సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషన్‌లో పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు కట్టుకున్నాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' వచ్చేసరికి చాలా పాటలకు గిటార్ శ్రుతిని మూడు అరమెట్లు దించాడు. తీగ వదులైతే వేలికి నొప్పి తక్కువ, మోత బరువెక్కువ. హెవీ మెటల్ గొంతు అలా పుట్టింది. సబ్బాత్ కూడా బ్లూస్‌తోనే మొదలైంది, అది మరిచిపోవద్దు. కాకపోతే వాళ్లు దాన్ని దాటి బయటికి నడిచారు. జుడాస్ ప్రీస్ట్ ఇంకా దూరం తీసుకెళ్లి ఆ ఊపును తుడిచేసింది. 1986లో మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట నాటికి అరచేతి అంచు తీగలకు ఆనించి, అన్నీ కిందికే కొట్టే దెబ్బలతో, ఖాళీ అన్నది లేకుండా నింపేశారు. ఈ దారిలో ఏసీ/డీసీ నడవలేదు. పక్కదారిలో, తాము బయల్దేరిన దారిలోనే ఉండిపోయారు.

అమ్మడూ, నువ్వు వాడితో వాదించేటప్పుడు ఒక జాగ్రత్త. "వాళ్లే మేం రాక్ అండ్ రోల్ అంటున్నారు కదా" అని మాత్రం అనకు. యంగ్ సోదరులు ఆ మాట ఎప్పుడూ అంటూనే వచ్చారు, నిజమే. కానీ మోటర్‌హెడ్ గాయకుడు లెమ్మీ కూడా ప్రతి రాత్రీ స్టేజీ ఎక్కి మేం వాయించేది రాక్ అండ్ రోల్ అనే చెప్పేవాడు. అయినా మోటర్‌హెడ్ లేకపోతే త్రాష్ మెటల్ అనే వేగమైన మెటల్ రకం లేదు. కళాకారుడు తన గురించి చెప్పుకునేది వినాలి, దాన్నే తీర్పుగా తీసుకోకూడదు.

పోనీ పెద్దలు కూర్చుని తేల్చారా అంటే అదీ లేదు. 1989లో గ్రామీ అవార్డుల్లో మొదటిసారి హార్డ్ రాక్, మెటల్ రెండిటికీ కలిపి ఒకే బహుమతి పెట్టారు. పోటీలో మెటాలికా, ఏసీ/డీసీ, జేన్స్ అడిక్షన్, ఇగ్గీ పాప్, జెత్రో టల్ ఉన్నారు. అందరూ మెటాలికాకే అనుకున్నారు. వచ్చింది జెత్రో టల్‌కు. ఆ బ్యాండ్‌లో ముందు నిలబడి వాయించేది ఫ్లూట్. హాల్లో జనం అరిచి గోల చేశారు. మరుసటి ఏడాదే హార్డ్ రాక్‌ను, మెటల్‌ను విడదీసి రెండు బహుమతులు చేశారు. 2010లో ఏసీ/డీసీకి 'వార్ మెషిన్' పాటకు గ్రామీ వచ్చినప్పుడు అది హార్డ్ రాక్ విభాగంలోనే వచ్చింది. అమ్మడూ, ఇది నీ వైపు సాక్ష్యం, కావాలంటే వాడుకో. నాకైతే మాల్కమ్ కుడిచెయ్యి ఇంతకన్నా గట్టి సాక్ష్యం.

మరి మెటల్‌కు ఏసీ/డీసీ ఏమవుతుంది? మేనమామ అవుతుంది. ఇంటిపేరు వేరు. కానీ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా తీసుకొచ్చేది మేనమామే కదా. ఎనభైల్లో ఎంతమంది కుర్రాళ్లు ఏసీ/డీసీ క్యాసెట్‌తో మొదలుపెట్టి అక్కడి నుంచి ఐరన్ మెయిడెన్‌కూ మెటాలికాకూ చేరారో. అందుకే అబ్బాయ్, ఆ బ్యాండ్‌ను నీ మెటల్ ప్లేలిస్టులోంచి తీసెయ్యమని నేను అనను.

నీకు ఇంకో పాట కూడా ఇస్తాను. 1990 నాటి 'థండర్‌స్ట్రక్'. మొదట్లో ఆంగస్ ఒక్క తీగ మీదే పరుగులు తీయించే ఆ వాయింపు, వెనక పెరిగే అరుపులు. ఏసీ/డీసీ మెటల్ గుమ్మం దాకా వచ్చిన పాట ఏదైనా ఉందంటే అదే. కానీ గాయకుడు అందుకున్నాక కింద రిథమ్ ఎలా నడుస్తోందో విను. మళ్లీ అదే పాత నడక.

మాల్కమ్ మతిమరుపు జబ్బుతో 2014లో బ్యాండ్ వదిలేశాడు. 2017 నవంబర్‌లో పోయాడు, 64 ఏళ్లకు. అతని చోట ఇప్పుడు వాయిస్తున్నది అన్న కొడుకు స్టీవీ యంగ్. 2020లో వచ్చిన 'పవర్ అప్' విన్నాను. కొత్తగా ఏమీ లేదని విమర్శించినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దాదాపు యాభై ఏళ్లు ఒకే నడకను అంత శ్రద్ధగా కాపాడటం నాకు చాలా పెద్ద పని అనిపిస్తుంది. అది సులువని ఎవరైనా అంటే ఆ మూడు కార్డులూ డ్రమ్‌తో కలిపి ఐదు నిమిషాలు తొందరపడకుండా వాయించి చూపించమనండి.

ఆ పనే ఇప్పుడు మీకు చెబుతున్నాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు గిటార్ తెచ్చుకోండి, నా దగ్గర చిన్న ఆంప్ ఉంది. సోలో ఎవరికీ వద్దు. ఇద్దరూ మాల్కమ్ భాగం నేర్చుకుని రండి. గెయిన్ మీట మాత్రం నేనే తిప్పుతాను.

ప్రేమతో,
మీ పెదనాన్న