రెండడుగుల ట్యాంక్‌లో 216 చేపలు

"మాస్టారూ, మా ఆస్కార్‌కి రెండడుగుల ట్యాంక్ సరిపోతుందా?" అని మా పక్కవీధి కుర్రాడు అడిగాడు. ఆస్కార్ అంటే ఇళ్లలో అద్దాల ట్యాంకుల్లో పెంచే ఒక చేప. ఆగస్టులో కొన్నాడట. అప్పటికది వేలెడు కూడా లేదు, అయిదు సెంటీమీటర్లు. "ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది, టెన్షన్ పడకు" అని అమ్మినవాళ్లు చెప్పారట. ఈ మాట విజయనగరంలో నేను చాలా ఇళ్లలో విన్నాను. అందుకే ఆ కుర్రాడికి చెప్పిన జవాబు ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. గులకరాళ్లు ఏ రంగువి వేయాలి, లైటు ఎక్కడ పెట్టాలి అన్నవి వదిలేస్తాను. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

మనం చేపను స్కేలు పెట్టి కొలుస్తాం. అక్కడే లెక్క తప్పుతుంది. ఆస్కార్ దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతపు చేప. బాగా పెరిగితే 30 సెంటీమీటర్లు దాటుతుంది. 5 నుంచి 30 అంటే ఆరు రెట్లే కదా అనిపిస్తుంది. కానీ చేప పామాయిల్ ప్యాకెట్ల వరసలా పొడవులో మాత్రమే పెరగదు. పొడవు ఆరు రెట్లయితే ఎత్తు ఆరు రెట్లు, మందమూ ఆరు రెట్లు అవుతుంది. ఆరు ఆర్ల ముప్ఫై ఆరు, ముప్ఫై ఆరు ఆర్ల 216. పిల్లగా ఉన్నప్పుడు మూడు గ్రాములు తూగిన చేప, పెద్దదయ్యాక సుమారు 650 గ్రాములు తూగుతుంది.

ఇది నా ఊహాగానం కాదు. మత్స్యశాస్త్రంలో రోజూ వాడే సూత్రమే. చేప పొడవును ఒక ఘాతానికి (పవర్) పెంచి, ఆ జాతికి చెందిన ఒక స్థిరాంకంతో గుణిస్తే బరువు వస్తుంది. ఆ ఘాతం చాలా చేపలకు 3కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ఇప్పుడు ఒక కాటా ఊహించుకోండి. ఒక పళ్లెంలో పెద్ద ఆస్కార్ ఒక్కటి. రెండో పళ్లెంలో అయిదు సెంటీమీటర్ల పిల్లలు. ముల్లు మధ్యకు రావాలంటే 216 పిల్లల్ని వేయాలి. రెండడుగుల ట్యాంక్‌లో 216 ఆస్కార్ పిల్లల్ని వేస్తావా అని అడిగితే మా కుర్రాడు "అయ్యబాబోయ్, చచ్చిపోతాయి" అన్నాడు. మరి అదే బరువున్న ఒక్క చేపను వేయడానికి మాత్రం మనకు భయం లేదు! పదో తరగతిలో ఘనపరిమాణం లెక్కలు మార్కుల కోసం ఎన్నో చేయిస్తాం. ఒక్క చేపపిల్లనైనా తూచి చూపించి ఉంటే ఈ సంగతిని పిల్లలు జన్మలో మరిచిపోయేవాళ్లు కాదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక్కడ ఒక సవరణ చెప్పకపోతే తప్పవుతుంది. 216 పిల్లలు పీల్చేంత ఆక్సిజన్‌ను ఆ ఒక్క పెద్ద చేప పీల్చదు. చిన్న ప్రాణులకు గ్రాముకు ఖర్చు ఎక్కువ. చేపల్లో ఆక్సిజన్ వాడకం సుమారుగా బరువుకు 0.8 ఘాతం చొప్పున పెరుగుతుంది. 216ను 0.8 ఘాతానికి పెంచితే 74 వస్తుంది. అంటే పెద్ద ఆస్కార్ ఒక్కటి 74 పిల్లల ఊపిరి పీలుస్తుంది. 216 కాకపోయినా, 74 తక్కువేం కాదు. పొడవు చూసి మనం అనుకున్నది ఆరు.

ఈ ఆక్సిజన్ ఎక్కడినుంచి రావాలి? నీటి పైతలం నుంచి. నీటిలో ఆక్సిజన్ దానంతటది వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కాబట్టి గాలీ నీరూ కలిసే పైభాగం ఎంత విశాలంగా ఉంది, ఆ నీటిని పంపు ఎంత కదుపుతోంది అన్నదే ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంక్‌కి పైతలం రెండు చదరపు అడుగులు. దాన్ని ఇంకో అడుగు ఎత్తు పెంచితే లీటర్లు రెట్టింపవుతాయి కానీ, పైతలం ఆ రెండు చదరపు అడుగులే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అయితే ఆరు చదరపు అడుగులు. ఎత్తుగా, సన్నగా ఉండే ట్యాంకులు గదిలో ముచ్చటగా ఉంటాయి. పెద్ద చేపకు మాత్రం పనికిరావు.

మన ఎండల సంగతీ చూడాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర. వేడెక్కిన కొద్దీ చేప అవసరం పెరుగుతుంది, సరఫరా తగ్గుతుంది. ఇక కరెంటు పోయి పంపు ఆగిందనుకోండి. మన పెద్ద ఆస్కార్ గంటకు 100 మిల్లీగ్రాములు వాడుతుందనీ, లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దానికి ప్రమాదమనీ అనుకుందాం. రాళ్లూ అవీ పోను రెండడుగుల ట్యాంక్‌లో నికరంగా ఉండేది 50 లీటర్లు. వాడుకోగల నిల్వ 225 మిల్లీగ్రాములు, అంటే రెండుంపావు గంటలు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంక్‌లో నికరంగా 230 లీటర్లు. పది గంటల నిల్వ. పైనుంచి కొద్దికొద్దిగా కలిసేది దీనికి అదనం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చెంబుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ చేపను బతికించుకోవడానికి కూడా మనకు కొన్ని గంటల వ్యవధి కావాలి.

రెండోది అమ్మోనియా. మేతలోని మాంసకృత్తులను చేప వాడుకున్నాక మిగిలే వ్యర్థం ఇది, మొప్పల గుండా బయటకు వస్తుంది. ఆరు గ్రాముల మేత, అందులో 40 శాతం మాంసకృత్తులు ఉంటే, రోజుకు సుమారు 220 మిల్లీగ్రాముల నైట్రోజన్ అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ దాకా మార్చేస్తే 970 మిల్లీగ్రాముల పైచిలుకు నైట్రేట్ అవుతుంది. 50 లీటర్లలో వారం తిరిగేసరికి లీటరుకు 136 మిల్లీగ్రాములు, 230 లీటర్లలో 30. మొదటి ట్యాంకును మీరు ఎంత కడిగినా నెట్టుకురాలేరు. రెండోదాన్ని వారానికోసారి మూడోవంతు నీళ్లు మారిస్తే అదుపులో పెట్టొచ్చు. ఫిల్టర్ ఇంకా కుదురుకోని కొత్త ట్యాంక్‌లో ప్రమాదం అమ్మోనియాతోనే. 30 డిగ్రీల నీటిలో, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గర, నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 దగ్గర అది ఏడు వంతులు దాటుతుంది. మీ బోరు నీళ్ల పీహెచ్ ఎంతో ఒకసారి చూసుకోండి.

చేప చచ్చిపోతే "ఇంటికి రావలసిన గండం అది తీసుకుపోయింది" అనే మాట మనవాళ్లలో ఉంది. ఆరోవానా, ఫ్లవర్‌హార్న్ లాంటి చేపలు కొనేవాళ్లయితే కలిసివస్తుందనే తెస్తారు. ఈ నమ్మకం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎందుకంటే గండం పోయిందని సంతోషించినవాళ్లు నీళ్లను పరీక్షించరు. అదే ట్యాంక్‌లో ఇంకో చేపను వేస్తారు.

"ట్యాంక్ ఎంతుంటే చేప అంతే" అన్న మాటకు వద్దాం. ఇరుకు ట్యాంక్‌లో చేప ఎదుగుదల మందగించడం నిజమే. కానీ అది చేప తెలివిగా సర్దుకోవడం కాదు. మురికినీరు, ఒత్తిడి కలిసి దాన్ని గిడసబార్చడం. అంత దూరం రాకముందే చాలా చేపలు పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది "షార్క్" పేరుతో అమ్మే వెండిరంగు పిల్లల విషయంలో. అది షార్క్ కాదు. మనవాళ్లు చెరువుల్లో పెంచే పంగాసియస్. మీటరు దాటి పెరగగలదు, 40 కిలోలు దాటి తూగగలదు. మన చేపల బజారులో తట్టలో కాసిని నీళ్లున్నా కొర్రమీను కదులుతూనే ఉంటుంది, శీలావతి, బొచ్చె మాత్రం ఉండవు, గమనించారా? కొర్రమీను పైకి వచ్చి గాలి మింగగలదు. పంగాసియస్‌కీ ఆ శక్తి కొంత ఉంది. అందువల్ల ఆక్సిజన్ లేని ట్యాంక్‌లో కూడా నెలల తరబడి లాక్కొస్తుంది, మనం బాగానే ఉందనుకుంటాం. దానికి ఇంట్లో పట్టే ట్యాంక్ ఏదీ లేదు, కొనకండి. కొన్నా, పెంచలేక తీసుకెళ్లి పెద్దచెరువులో వదలకండి. అద్దాలు నాకి శుభ్రం చేస్తుందని కొన్న దక్షిణ అమెరికా జెల్ల అలా బయటపడే మన రాష్ట్రంలో డెవిల్ ఫిష్‌గా మారి, వలలు చింపుతోంది, గట్లకు బొరియలు తవ్వుతోంది.

మరి ఆస్కార్‌కి? ఒక్కదానికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంతకు తక్కువ నేను ఒప్పుకోను. అడుగు పొడవున్న చేప ఒంపు తిరగడానికి అడుగు వెడల్పు చాలదు. నీళ్ల బరువే పావు టన్ను అవుతుంది కాబట్టి స్టాండ్ గట్టిది చేయించుకోవాలి.

కుర్రాడు పోయిన ఆదివారం వాళ్ల నాన్నగారి కిరాణా కొట్లోని కాటా మీద నీళ్ల మగ్గు పెట్టి, చేపను అందులో వేసి తూచాడు. పొడవు 11 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం 32 గ్రాములు ఉండాలి, కాటా 35 చూపించింది. సంక్రాంతికి 15 సెంటీమీటర్లు వస్తుందని వాడి అంచనా. అప్పటికి 81 గ్రాములు తూగాలి. నాలుగడుగుల ట్యాంక్‌కి అద్దాలు కోయడానికి ఇచ్చి వచ్చాడు.