"సార్, ఇప్పుడే తీశాను": బెల్టు, చలానా, పోలీసు మాట మీద అపోహలు - వాస్తవాలు

ట్రాఫిక్ డ్యూటీలో ఇన్నేళ్లుగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే: "సార్, ఇప్పుడే తీశాను." కారు ఆగీ ఆగకముందే చెయ్యి బెల్టు కోసం తడుముతూ ఉంటుంది, నోరు మాత్రం ఇప్పుడే తీశానంటుంది. రోడ్డు మీద అబద్ధాలు మీ వైపూ ఉన్నాయి, మా వైపూ ఉన్నాయి. మా వాటిని కూడా దాచకుండా రాస్తాను. ముందు బెల్టు సంగతి చూద్దాం.

అపోహ: బెల్టు పోలీసుల కోసం. ఊళ్లో నెమ్మదిగా పోతే అక్కర్లేదు.

గంటకు 50 కిలోమీటర్లంటే మనకు నెమ్మదే. ఆ వేగంలో కారు గోడకు గుద్దుకుంటే లోపలి మనిషికి అది దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టే. కారు ఆగిపోతుంది గానీ మనిషి ఆగడు. బెల్టు లేకపోతే అదే వేగంతో పోయి స్టీరింగుకో అద్దానికో తగులుతాడు.

"చేతులతో ఆపుకుంటాను సార్, నాకు కంట్రోల్ ఉంది" అనేవాళ్లకు ఒక చిన్న లెక్క చెబుతుంటాను. ఆ వేగం నుంచి అర మీటరు దూరంలో ఆగాలంటే శరీరం మీద దాని బరువుకు సుమారు ఇరవై రెట్ల బలం పడుతుంది. 60 కిలోల మనిషికి అది దాదాపు 1,200 కిలోలు. అంత బరువు ఆపే చేతులు ఎవరికీ లేవు. బెల్టు ఆ బలాన్ని ఛాతీ, భుజం, నడుము ఎముకల మీదకు పంచుతుంది. అందుకే కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం: కింది పట్టీ కడుపు కింద నుంచి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పోవాలి. గర్భంతో ఉంటే బెల్టు వద్దనేది కూడా అపోహే.

ఇప్పుడు మనం వాడే మూడు బిందువుల బెల్టును 1959లో వోల్వోకు తయారుచేసి ఇచ్చింది నిల్స్ బోలిన్ అనే ఇంజినీరు. అంతకు ముందు ఆయన పని విమానాల్లో ఎజెక్షన్ సీట్లు, అంటే ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేసే సీట్లు. మనిషిని బయటికి ఎలా పంపాలో తెలిసినవాడే లోపల ఎలా ఉంచాలో కనిపెట్టాడన్న సంగతి నాకు భలే ఇష్టం. వోల్వో ఆ పేటెంటును మిగతా కంపెనీలూ వాడుకునేలా వదిలేసింది. బెల్టు పెట్టుకోవడాన్ని చట్టంతో తప్పనిసరి చేయడం 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంతో మొదలైంది. అంటే ఈ బెల్టు పుట్టిన పదకొండేళ్లకు గానీ బెల్టు చలానా పుట్టలేదు.

అపోహ: ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కదా!

ఎయిర్‌బ్యాగ్ దిండు కాదు. సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా పేలినట్టు విచ్చుకుంటుంది. బెల్టు లేని మనిషి బ్రేకు పడగానే ముందుకు జారి, సరిగ్గా అది విచ్చుకునే చోటికే మొహం తీసుకుపోతాడు. బెల్టు పట్టి ఉంచిన మనిషిని ఆదుకోవడానికే దాన్ని తయారుచేశారు.

అపోహ: వెనక సీట్లో కూర్చుంటే చాలు.

1997లో పారిస్ సొరంగంలో చనిపోయిన ప్రిన్సెస్ డయానా వెనక సీట్లోనే ఉన్నారు. ఆమెకు బెల్టు లేకపోవడం కూడా మరణానికి కారణమైందని 2008లో లండన్ విచారణలో జ్యూరీ చెప్పింది. వెనక బెల్టు లేనివాళ్లు తాము పోవడమే కాదు, ముందు సీటును వెనక నుంచి గుద్ది, బెల్టు పెట్టుకున్నవాడి ప్రాణం కూడా తీస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు బెల్టు పెట్టుకోమని చెప్పడానికి మొహమాటపడేవాళ్లు ఈ ఒక్క మాట చెప్పి చూడండి.

ఒళ్లో పసిబిడ్డను పట్టుకోవడం గురించి రెండు ముక్కలు. పై లెక్క ప్రకారం 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 200 కిలోలు. పట్టుకోలేరు. పిల్లల సీటు కొనండి.

అపోహ: కారు మంటల్లోనో నీళ్లలోనో పడితే బెల్టు వల్ల ఇరుక్కుపోతాం.

అలాంటి ప్రమాదాలు మొత్తంలో చాలా తక్కువ. అప్పుడు కూడా బయటపడాలంటే స్పృహలో ఉండాలి, కాళ్లు విరగకుండా ఉండాలి. ఆ పని చేసేది బెల్టే.

అపోహ: పోలీసు ఏం చెబితే అదే సాక్ష్యం. బెల్టు పెట్టుకున్నామో లేదో ఎవరికి తెలుసు?

రోడ్డు పక్కన ఆపినప్పుడు ఒక్కోసారి నిజంగానే తెలియదు. అద్దం మీద వెలుతురు పడుతుంది, నల్ల చొక్కా మీద నల్ల బెల్టు కనిపించదు. నాకు సందేహం ఉంటే రాయను. రాసేవాళ్లు లేరని మాత్రం చెప్పను.

ప్రమాదం జరిగాక మాత్రం కారే చెబుతుంది. మనిషి బరువు ఒక్కసారిగా పడ్డప్పుడు బెల్టు నేత సాగుతుంది, భుజం దగ్గరి కొక్కెం ప్లాస్టిక్ మీద రాపిడి గుర్తు పడుతుంది. గుద్దుకున్న క్షణంలో బెల్టును వెనక్కి లాగి బిగించే ప్రీటెన్షనర్ పేలితే బెల్టు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది: పెట్టుకుని ఉంటే బయటికి సాగి, లేకపోతే చుట్టలోనే. చాలా కొత్త కార్లలో గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్ల వేగం, బ్రేకు, బెల్టు వివరాలు రికార్డవుతాయి. బీమా కోసం "పెట్టుకున్నారండీ" అని ఇంటివాళ్లు చెబుతుంటే, చుట్టలోనే బిగుసుకున్న బెల్టును చూస్తూ నేను నిలబడిన రోజులున్నాయి. అప్పుడు వాళ్లను అబద్ధం చెప్పారని నిలదీయాలనిపించదు.

అపోహ: పోలీసులందరూ కోటా కోసమే చలానాలు రాస్తారు.

ఇందులో సగం నిజం ఉంది. కొన్ని చోట్ల పైఅధికారులు ఇన్ని రాయాలని ఒత్తిడి పెట్టారు. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి రాష్ట్రాలు కోటాలను చట్టంతోనే నిషేధించాయంటే ఎక్కడో నిప్పు ఉండబట్టే కదా. లెక్క కోసం రాసే చలానా నాకూ నచ్చదు. అది అవసరమైన చోటును వదిలేసి, సులువుగా దొరికే చోట నిలబడటం నేర్పుతుంది. అలాగని మీకు రాసింది కోటా చలానాయే అనుకుంటే పొరపాటు. సిగ్నల్ దాటింది మీరే కదా.

అపోహ: రసీదు లేకుండా సగం ఇచ్చేస్తే ఇద్దరికీ లాభం.

చేయి చాపే పోలీసులు ఉన్నారు. వాళ్ల వల్ల నేనూ తలదించుకున్నాను. కానీ "ఎందుకు సార్ ఇదంతా, చూసుకుందాం" అని ముందుగా అన్నవాళ్లే నాకు ఎక్కువ తగిలారు. రసీదు లేని డబ్బుకు మీ దగ్గర ఆధారం ఉండదు. తర్వాతి కూడలిలో మళ్లీ ఆపితే ఏం చూపిస్తారు? లంచం ఇవ్వడం కూడా నేరమే, తీసుకున్నవాడు అవసరమైతే మిమ్మల్నే ఇరికిస్తాడు. అడిగితే, గొడవపడకుండా పేరు, బ్యాడ్జి నంబరు, సమయం రాసుకోండి. చలానాయే రాయమనండి. నిజాయితీ లేనివాడు ఎక్కువగా భయపడేది కాగితానికే.

మా యూనిఫాం మీద పెట్టుకునే బాడీ కెమెరాలు వచ్చాక ఈ గోల కొంత తగ్గింది. తప్పుడు ఫిర్యాదులూ తగ్గాయి, అది మాకు మేలు.

అపోహ: చిన్న చలానా కోసం అబద్ధం ఆడితే పోలీసుకు పోయేదేముంది?

ఉద్యోగమే పోవచ్చు. కోర్టులో ఒకసారి అబద్ధం చెప్పి దొరికినవాడి మాట తర్వాత ఏ కేసులోనూ నిలవదు. అమెరికాలో 1963 నాటి బ్రేడీ తీర్పు తర్వాత ముద్దాయికి అనుకూలమైన ఆధారాలను ప్రాసిక్యూషన్ దాచకూడదు. సాక్షిగా వచ్చే పోలీసు గతంలో అబద్ధమాడిన సంగతి కూడా అందులోకే వస్తుంది. హత్యకేసులో సాక్ష్యం చెప్పాల్సినవాడు ఒక బెల్టు చలానా కోసం ఆ పరువు పోగొట్టుకుంటే అంతకన్నా తెలివితక్కువ పని లేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: స్పీడ్ గన్ పక్క నుంచి కొడితే ఎక్కువ చూపిస్తుంది. చలానాలో అక్షరం తప్పితే అది చెల్లదు.

మొదటిది తలకిందుల మాట. వాహనం ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉంటే గన్ అసలు వేగం కంటే తక్కువే చూపిస్తుంది. 20 డిగ్రీల కోణంలో 100 వేగం 94గా కనిపిస్తుంది. అంటే ఆ తప్పు మీకే లాభం. నిజంగా జరిగే పొరపాటు వేరే ఉంది: పక్కన పోతున్న బండి వేగం మీ ఖాతాలో పడటం. మీకు నమ్మకం ఉంటే దాని మీద వాదించండి, యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడగండి.

ఇక పేరులో ఒత్తు పోయినంత మాత్రాన చలానా సాధారణంగా కొట్టుకుపోదు. బండి నంబరు, చోటు, తేదీ తప్పితే మాత్రం అడగడంలో అర్థం ఉంది.

"మీ జీపులో మీరు పెట్టుకుంటారా?"

ఇది అపోహ కాదు, నన్ను ఒకాయన అడిగిన ప్రశ్న. ఆ రోజు నాకు బెల్టు లేదు. త్వరగా దిగాలి, నడుముకున్న సామాను అడ్డం వస్తుంది అని మాలో మేం చెప్పుకునే సాకులు నోటిదాకా వచ్చాయి. "ఇప్పుడే తీశాను" అన్నాను. ఆయన నవ్వి చలానా తీసుకుని వెళ్లిపోయాడు. నేను జీపెక్కి బెల్టు లాగితే సగం దూరం వచ్చి ఆగిపోయింది, ఎన్నాళ్లుగా ఎవరూ ముట్టుకోలేదో.