లైట్లు వెలుగుతున్నాయి కదా!

జనవరిలో పొద్దున్న ఆరింటికి ఒడిశా కొరాపుట్ కొండల్లోని మా సిమిలిగుడలో వీధి చివర ఏముందో కనిపించదు. అంత మంచు. పిల్లలిద్దరినీ దుప్పట్లతో సహా వెనక సీట్లోకి ఎక్కించి, సంచులన్నీ డిక్కీలో సర్ది, తాళం తిప్పాను. తెల్లారితే భోగి, మధ్యాహ్నానికి కొండ దిగి ఆంధ్రలోని సాలూరులో ఉండాలి. ఇంజను తిరగలేదు. బానెట్ కింద నుంచి టకటకటకమని సన్నటి చప్పుడు వచ్చింది, అంతే. ఇంకోసారి తిప్పినా అదే టకటక.

ఎదురింటి పెద్దాయన శాలువా కప్పుకుని గేటు దగ్గరికి వచ్చారు. “ఓసారి లైట్లు వెయ్యండి మేష్టారూ” అన్నారు. వేశాను. మంచులో తెల్లగా రెండు గీతలు పడ్డాయి. “లైట్లు వెలుగుతున్నాయి కదా! బ్యాటరీ బాగానే ఉంది. పెట్రోలు సంగతి చూసుకోండి” అని తేల్చేశారు.

బండి మొరాయించిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తప్పు.

పాత రకం బల్బులున్న హెడ్‌లైట్లు రెండూ కలిపి లాగే కరెంటు సుమారు 10 ఆంపియర్లు. ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోలు కారులోనే 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. కొళాయి నుంచి గ్లాసుడు నీళ్లు వచ్చాయని డాబా మీద ట్యాంకు నిండుగా ఉందనగలమా? ట్యాంకు అడుగంటినా గ్లాసుడు వస్తాయి. పైపులో పాచి పేరుకున్నా వస్తాయి. బకెట్టు పెట్టి కొళాయి పూర్తిగా విప్పినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. సెల్ఫ్ మోటారు అడిగేది బకెట్టు కూడా కాదు, రెండు మూడు సెకన్లలో తొట్టెడు.

అంత కరెంటు ఎందుకంటే, అది చేసే పని అలాంటిది. ఆగి ఉన్న ఇంజనును నిమిషానికి దాదాపు 200 చుట్లు తిప్పితేగానీ అది సొంతంగా అందుకోదు. పాత అంబాసిడర్లకీ జీపులకీ ముందు బంపరు దగ్గర బెజ్జం ఉండేది, సెల్ఫ్ పడకపోతే అందులో హ్యాండిల్ దూర్చి తిప్పేవాళ్లు. హ్యాండిల్ వెనక్కి తన్నిందా, మణికట్టు విరిగేది. ఆ బాధ తప్పించినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో ఆయన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. అంతకుముందు ఆయన దుకాణాల్లో డబ్బు లెక్కకట్టే క్యాష్ రిజిస్టర్లకు చిన్న మోటారు తయారుచేశాడు. సొరుగు తెరవడానికి క్షణం పాటు బలం చాలు, రోజంతా తిరగక్కర్లేదు. కారుకీ అంతే కదా అన్నది ఆయన ఆలోచన. చిన్న మోటారుకు దాని తాహతుకు మించిన కరెంటు ఇచ్చినా కొన్ని సెకన్లే కాబట్టి కాలిపోదు. అందుకే సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మళ్లీ కొట్టేముందు అర నిమిషమైనా ఆగాలి. పట్టుదలగా కొడుతూనే ఉంటే కాలేది మోటారే.

ఇక ఆ టకటక. నాకు ఇందులో బాగా నచ్చేది ఈ చప్పుడే. తాళం తిప్పగానే కరెంటు నేరుగా మోటారుకు వెళ్లదు. ముందు సోలినాయిడ్ అనే తీగచుట్టకు వెళ్తుంది. అది అయస్కాంతంగా మారి ఇనప కడ్డీని లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ ఒకవైపు మోటారు పళ్లచక్రాన్ని ఇంజను చక్రంలోకి తోస్తూ, ఇంకోవైపు మోటారుకు కరెంటు దారి తెరుస్తుంది. దారి తెరుచుకోగానే మోటారు ఆబగా లాగేసరికి వోల్టేజి పడిపోతుంది. అయస్కాంతం పట్టు వదిలి కడ్డీ వెనక్కి పోతుంది, దారి మూసుకుంటుంది. మోటారు లాగడం ఆగింది కాబట్టి వోల్టేజి మళ్లీ లేస్తుంది, కడ్డీ మళ్లీ లోపలికి. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరిగితే మనకు టకటక వినిపిస్తుంది. అంటే తాళం, సోలినాయిడ్ పనిచేస్తున్నాయి, కావలసినంత కరెంటు మాత్రం చేరడం లేదు. బండి తన రోగం తానే చెబుతోంది. పెట్రోలుకూ దీనికీ సంబంధం లేదు.

కరెంటు చేరకపోవడానికి కారణం ట్యాంకా, పైపా? లైట్లు వేసి ఉంచి తాళం తిప్పితే సగం తెలుస్తుంది. నేను అదే చేశాను. లైట్లు కొడిగట్టిన దీపంలా ఎర్రబడ్డాయి. అలా ఎర్రబడితే బ్యాటరీ అయినా నీరసించి ఉండాలి, బ్యాటరీని పట్టుకున్న క్లాంపు దగ్గరైనా అడ్డు ఉండాలి. కాంతి తగ్గకుండా, ఇంజను కూడా కదలకుండా ఉంటే కథ వేరు. కరెంటు అసలు మోటారు వైపే వెళ్లలేదు. అప్పుడు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), తాళం స్విచ్చి, సోలినాయిడ్, ఇంజనుకూ బాడీకీ మధ్య ఎర్త్ తీగ చూడాలి. కొన్ని బళ్లలో క్లచ్ పూర్తిగా తొక్కకపోతే సెల్ఫ్ పడదు. ఆటోమేటిక్ అయితే గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉండాలి. నవ్వకండి, టెన్షన్‌లో ఉన్న మనిషి ఇవే మర్చిపోతాడు.

సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. (ఇక్కడ ఇంతమంది తెలుగువాళ్లేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొరాపుట్ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే.) ఫోను చేస్తే పావుగంటలో స్వెట్టరు, మంకీ క్యాపుతో దిగాడు. మీటరేమీ తీయలేదు. నన్ను నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టమని, తాళం ఆఫ్ చేయించి, బ్యాటరీ టెర్మినళ్లు రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి వేలితో తాకాడు.

“మేష్టారూ, ఓపాలి సెయ్యెట్టి సూడండి.”

పెట్టాను. బానెట్ కింద అన్నీ చల్లగా ఉంటే నెగెటివ్ క్లాంపు ఒక్కటీ వెచ్చగా ఉంది.

లెక్క వేస్తే సంగతి అర్థమవుతుంది. వోల్టేజి, కరెంటు, నిరోధం మధ్య సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త గెయోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించాడు. కరెంటును నిరోధంతో గుణిస్తే ఆ చోట పోయే వోల్టేజి వస్తుంది. ఒక క్లాంపు దగ్గర మడ్డి పట్టి 0.02 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. ఓమ్‌లో యాభయ్యో వంతు. హెడ్‌లైట్ల 10 ఆంపియర్లు అందులోంచి వెళ్తే పోయేది 0.2 వోల్టు, కంటికి తెలియదు. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగితే పోయేది 3 వోల్టులు. 12 వోల్టుల బండిలో పావు వంతు ఆ జాయింటు దగ్గరే ఆవిరి. పోయిన ఆ 3 వోల్టులు వేడి అవుతాయి, 450 వాట్లు. మామూలు ఇస్త్రీపెట్టెలో సగం. ఆయన వేలికి తగిలింది అదే.

క్లాంపు విప్పితే లోపల తెల్లటి పొడి, అంచుల్లో నీలం. బ్యాటరీలోంచి వచ్చే ఆమ్లపు తుంపర సీసాన్ని తింటే తెల్లటి లెడ్ సల్ఫేటు, రాగి తీగను తింటే నీలం కాపర్ సల్ఫేటు. ఈ నీలం రైతులకు కొత్తది కాదు, సున్నంతో కలిపి మొక్కల తెగుళ్లకు కొట్టే మైలుతుత్తం ఇదే. మెకానిక్కు వేడినీళ్లలో తినే సోడా కలిపి పోయించాడు. ఆమ్లం, సోడా కలిసి బుసబుసా పొంగాయి. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, క్లాంపు బిగించి, పైన కాస్త వ్యాజ్‌లైన్ పూశాడు. ఒకటే సెల్ఫ్, అందుకుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. స్పానరు జారి బాడీకి తగిలితే మెరుపు రాకుండా ఈ వరస.

“బ్యాటరీ కూడా ముసలైపోయింది, వచ్చే చలికి ఆగదు” అని ఓ మాట అని వెళ్లాడు.

చలికే ఎందుకు ఆగదు? సిమిలిగుడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాములు 5 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. బ్యాటరీలో ఉన్నది సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంతే 1859లో చేసిన ఏర్పాటు, మూలసూత్రం ఇప్పటికీ అదే. చలిలో ఆ రసాయన చర్య మందగిస్తుంది. మామూలు వేడిలో ఇచ్చే బలంలో సున్నా డిగ్రీల దగ్గర మూడింట రెండు వంతులే చేతికొస్తుంది. అదే సమయానికి ఇంజనాయిల్ చిక్కబడి ఇంజను తిరగడానికి మరింత బలం అడుగుతుంది. ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటుందే, ఆ డబ్ల్యూ ఇంగ్లిషు ‘వింటర్’ మొదటి అక్షరం. ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత పల్చగా ఉంటుంది.

అయితే నిందంతా చలి మీద వేయకూడదు. బ్యాటరీని నిజంగా తినేది ఎండ. వేడి పదేసి డిగ్రీలు పెరిగిన కొద్దీ లోపలి పలకలు తుప్పుపట్టే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. సెలవులని మే నెలంతా సాలూరు, పార్వతీపురం ఎండల్లో బండి నిలబెడతాం. దెబ్బ అక్కడే తగులుతుంది. కానీ ఎండాకాలంలో ఆయిల్ పల్చగా, ఇంజను తేలిగ్గా ఉంటుంది కాబట్టి అరకొర బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. హత్య మేలో జరుగుతుంది, శవం జనవరిలో దొరుకుతుంది. మనం జనవరిని అరెస్టు చేస్తాం.

కదపకుండా వదిలేసినా బ్యాటరీకి చేటే. ఆపి ఉంచిన కారులో కూడా గడియారం, అలారం, కంప్యూటరు కలిసి 0.03 నుంచి 0.05 ఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. నెలకు లెక్కేస్తే సుమారు 22 నుంచి 36 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీలో ఉండేదే 35, 45.

ఇంజను బాగానే తిరుగుతూ అందుకోకపోతే మాత్రం ఎదురింటి పెద్దాయన మాట వినాల్సిందే, పెట్రోలు వైపు చూడాలి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు జుయ్యిమని పంపు చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే, పంపు. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమంటుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టలేదు, రెండోది తెచ్చి చూడండి. డీజిల్ బండికి స్ప్రింగులాంటి పసుపు దీపం ఆరేదాకా ఆగాలి, అది లోపలి గాలిని వేడిచేసే గ్లో ప్లగ్గు దీపం. మా కొండల్లో ఇంకో అనుమానితుడు ఎలుక. చలికాలం వెచ్చటి బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతుంది. దీనికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు, టార్చి చాలు.

ఇంకో బండి నుంచి కరెంటు తీసుకుంటే ఎర్ర తీగ రెండు పాజిటివ్‌లకు. నల్లతీగ ఒక కొస మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస చచ్చిన బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజను ఇనుముకు. చివరి కొస తగిలేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, అది అంటుకుంటుంది.

తోసి స్టార్ట్ చేయడం గురించి మా వైపు ఒక మాట చెప్పాలి. చదును నేల మీద, మాన్యువల్ గేరు బండిని, రెండో గేరులో తోయించుకోవచ్చు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే అదీ పనిచేయదు, ఇప్పటి ఇంజన్లకు కంప్యూటరూ పంపూ నడవడానికి కొంతైనా కరెంటు కావాలి. సాలూరు దారిలో సుంకి ఘాట్ దగ్గర వాలు ఉంది కదా, దొర్లితే అదే అందుకుంటుంది అనే ఆలోచన మాత్రం వద్దు. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కులతో అయిపోతుంది, స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. ఆ మలుపుల్లో రెండూ కావాలి.

పండగకి సాలూరులో వోల్టులు కొలిచే చిన్న మల్టీమీటరు కొన్నాను. బ్యాటరీలో ఒక్కో గది 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులు, నిండుగా ఉంటే 12.6 చూపించాలి. మూడు రోజులు కదలని బండికి కనుమ మధ్యాహ్నం పెట్టి చూస్తే 12.4. సెల్ఫ్ కొడుతుండగా 10.6కి దిగింది. తిరిగొచ్చాక సిమిలిగుడలో తెల్లవారుజామున మళ్లీ పెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు అదే 12.4. సెల్ఫ్ కొట్టగానే 9.7. ఎదురింటి పెద్దాయన గేటు మీద చేతులు వేసి చూస్తున్నారు. “12 ఉంది కదా మేష్టారూ, ఇంకేం!” అన్నారు.