ప్రత్యేక దూత విమానం దిగితే యుద్ధం ఆగినట్టేనా?

"సార్, ప్రత్యేక దూత వచ్చాడట కదా, ఇక కాల్పులు ఆగుతాయంటున్నారు. మావాడిని అక్కడే ఉండమననా?"

విదేశాంగ శాఖలో ఉన్నన్నాళ్ళూ, ఏ యుద్ధమొచ్చినా ఇదే ఫోన్. అడిగేవాళ్ళని ఏమనను? కన్నబిడ్డ అక్కడుంటే ఏ చల్లని కబురైనా నమ్మాలనిపిస్తుంది. "ఒప్పందం ఖాయం" అని ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీదే నా చిరాకంతా.

అసలు దూతలందరూ యుద్ధం ఆపడానికే వెళ్ళరు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన ఆంతరంగికుడు హ్యారీ హాప్కిన్స్‌ని లండన్ పంపింది జర్మనీ ముందు బ్రిటన్ నిలబడగలదా, దానికేం కావాలి అని చూసి రమ్మని. జులైలో మాస్కో వెళ్ళి స్టాలిన్‌నీ అదే అడిగాడు. యుద్ధం సాగడానికి పంపిన దూత అన్నమాట.

ఆపడానికే వెళ్ళినా చిటికెలో ఆగదు. వియత్నాం యుద్ధం ఆపడానికి పారిస్‌లో అమెరికా తరఫున కిసింజర్, ఉత్తర వియత్నాం తరఫున లె డక్ థో రహస్య చర్చలు 1970 ఫిబ్రవరిలో మొదలైతే, సంతకాలు 1973 జనవరి 27న. 1972 అక్టోబర్‌లో శాంతి చేతికందే దూరంలో ఉందని కిసింజరే చెప్పాడు. డిసెంబర్‌లో ఉత్తర వియత్నాం రాజధాని హనోయి మీద అమెరికా బీ-52 యుద్ధవిమానాలు బాంబులు కురిపించాయి. సంతకాలయ్యాక కూడా 1975 దాకా పోరు ఆగలేదు.

నేను నోట్స్ రాయడానికి కూర్చున్న ఒక చర్చలో మధ్యాహ్నమంతా ఒక్క మాట దగ్గరే గడిచింది: కాల్పుల విరామమా, విరమణా? విరామమైతే గడువు తీరాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు. విరమణైతే ఎవరు ఎక్కడిదాకా వెనక్కి జరగాలో రాసుకోవాలి. ఎదుటిపక్షం తెచ్చిన మ్యాప్ చుట్ట విప్పనే లేదు. బయట టీవీల్లో మాత్రం "చర్చలు సానుకూలం"!

మిగతా అపోహల సంగతీ గబగబా చెప్పేస్తాను. దూత తనకు తోచింది ఒప్పుకుని రాలేడు. పైనుంచి వచ్చిన సూచనలు దాటాలంటే మళ్ళీ ఫోన్ చేసి అడగాల్సిందే. రాయబారి ఉండగా దూత దండగా? కాదు, ఎంబసీయే లేనిచోట, గుర్తింపు లేని పక్షంతో మాట్లాడేది ఆయనే. దూత జోలికి ఎవరూ రారా? ఐరాస మధ్యవర్తి ఫోక్ బెర్నాడోట్‌ని 1948 సెప్టెంబర్ 17న జెరూసలేంలో కాల్చి చంపారు.

కాబట్టి ఎంబసీ వెళ్ళిపొమ్మంటే బయల్దేరండి. ఒకాయన, దూత దిగాడు కదా అని కొడుకుని నాలుగు రోజులు ఆగమన్నాడు. మూడో రోజే సరిహద్దు రోడ్డు మూసేశారు. కుర్రాడు క్షేమంగానే వచ్చాడు, కానీ ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ రోజూ పొద్దున ఆరింటికల్లా నాకు ఆయన ఫోన్ వచ్చేది.